మా టిఫిన్ హోటల్ టీవీ: ఏ ప్రోగ్రాం ఎంత నష్టం తెచ్చింది

మాది తాడేపల్లిగూడెంలో చిన్న టిఫిన్ హోటల్. ఆరు బల్లలు, ఇరవై నాలుగు కుర్చీలు, గల్లా పెట్టెకి ఎదురుగా గోడ మీద ఒక టీవీ. ఆ టీవీ మా నాన్న పెట్టించాడు, 1996లో, వరల్డ్ కప్ కోసం. కొన్న నెల తిరక్కుండానే కలకత్తాలో శ్రీలంకతో సెమీఫైనల్ ఓడిపోయాం. అక్కడ స్టేడియంలో జనం సీసాలు విసిరారు, ఇక్కడ మా హోటల్లో రెండు గాజు గ్లాసులు పగిలాయి. "ఈ దరిద్రం మనకెందుకురా, రేపే అమ్మేద్దాం" అన్నాడు నాన్న. అమ్మలేదు. అప్పటినుంచి మూడు టీవీలు మారాయి గానీ ఆ గోడ మాత్రం ఖాళీగా లేదు.

టీవీని నేను మీలాగా చూడలేదు. గల్లా దగ్గర కూర్చున్నవాడి కళ్ళు చిల్లర మీద ఉంటాయి. తెర సగమే కనబడుతుంది, మిగతా సగం తింటున్నవాళ్ళ మొహాల్లో చూసుకోవాలి. ఇంకో సంగతి. హోటల్ వాడికి మంచి ప్రోగ్రాం అంటే నష్టం. ప్లేటు ఇడ్లీ తినడానికి పది నిమిషాలు చాలు. తిన్నవాడు లేస్తేనే గుమ్మంలో నిలబడ్డవాడు కూర్చునేది. ప్లేటు ఖాళీ అయినా కుర్చీ ఖాళీ కాలేదంటే తెర మీద ఏదో గట్టిదే నడుస్తోందన్నమాట. ముప్పై ఏళ్ళు కావొస్తోంది, నేను మార్కులు వేసింది ఈ లెక్కనే. ఎంత నష్టం తెస్తే అంత మంచి ప్రోగ్రాం.

ఈ లెక్కలో మొదటి స్థానం గురించి నాకెప్పుడూ అనుమానం లేదు. 'పాడుతా తీయగా'. అది కూడా ఆ 1996లోనే ఈటీవీలో మొదలైంది. పాట నడుస్తుంటే మా పెనం మాస్టర్ అట్టు తిప్పడం మరిచిపోయేవాడు, సరే, అది చిన్న నష్టం. పాట అయ్యాక బాలుగారు మాట్లాడటం మొదలుపెడితే అప్పుడు అసలు నష్టం. పిల్ల ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఎక్కడ తీసుకోకుండా ఉండాల్సింది, ఏ అక్షరం నలిగిపోయింది, ఆ పాట రికార్డింగు రోజున స్టూడియోలో ఏం జరిగింది. ఇవన్నీ ఆయన చెబుతుంటే చెయ్యి కడుక్కోవడానికి లేచినవాళ్ళు కూడా ఎంగిలి చేత్తో అలాగే నిలబడిపోయేవారు. ప్రకటనలు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారి కదిలేవారు. నీళ్ళు, బిల్లు, కాఫీ, అన్నీ ఆ రెండు నిమిషాల్లోనే.

పాడేముందు ఆ పాట ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు అన్నది పిల్లల చేత చెప్పించేవారాయన. దానివల్ల మా హోటల్లో ఒక కొత్త జబ్బు పుట్టింది. రేడియోలో పాత పాట రాగానే "ఇది ఆత్రేయ", "కాదు, దాశరథి" అని టీ పందాలు. బియ్యం మిల్లుకి లోడు తెచ్చే ఒక లారీ డ్రైవరు ఉండేవాడు, చదువు పెద్దగా లేదు. ఆ పందాల్లో రిటైరైన తెలుగు మాస్టారిని కూడా ఓడించేవాడు. మాస్టారు నవ్వుతూ టీ డబ్బులు కట్టేవారు. ఒక టీవీ ప్రోగ్రాం మనిషికి ఇంతకంటే ఏం నేర్పగలదో నాకు తెలియదు.

2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయినప్పుడు మా హోటల్లో సగం కుర్చీలు తిరగేసి ఉన్నాయి, కరోనా రోజులు. వచ్చినవాళ్ళే తక్కువ. వచ్చినవాళ్ళు కూడా పార్సిల్ చేతికందాక వెళ్ళలేదు. మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా నిలబడి టీవీ చూశారు. తర్వాత ఆయన కొడుకు చరణ్ నడుపుతూ, చంద్రబోస్, సునీత, విజయ్ ప్రకాష్ న్యాయనిర్ణేతలుగా మళ్ళీ మొదలైంది. నిజం చెప్పాలంటే ఇప్పటి పిల్లలు శ్రుతి విషయంలో అప్పటివాళ్ళ కంటే గట్టిగా ఉన్నారు. చరణ్ కూడా తండ్రిలా మాట్లాడాలని అనవసరంగా ప్రయత్నించడు, అది నాకు నచ్చింది. కానీ పాట అయ్యాక జనం లేచిపోతున్నారు. నాకు నష్టం తగ్గింది.

ఇక 'అమృతం'. దీని గురించి రాయడానికి నాకున్న అర్హత వేరేవాళ్ళకి లేదు, ఎందుకంటే అది హోటల్ వాళ్ళ కథ. 2001 నవంబరులో జెమినీలో మొదలై 2007 నవంబరుతో అయిపోయింది. వారానికొకటి చొప్పున ఆరేళ్ళకి 313 ఎపిసోడ్లు. ఆదివారం రాత్రి మా దగ్గర మామూలుగానే రద్దీ. ఆ అరగంట మాత్రం గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా "తొందరేం లేదు బాబాయ్, అది కానీ" అనేవాళ్ళు. కూర్చున్నవాడు లేవడు, నిలబడ్డవాడు అడగడు.

హోటల్ వాడిగా చూస్తే అమృత విలాస్ ఆరు నెలల్లో మూతపడాల్సిన హోటల్. పిండి ఎప్పుడు రుబ్బుతారో, గ్యాసు బండకి డబ్బులెవరు కడతారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మా మాస్టర్ తెల్లవారుజామున మూడున్నరకి లేస్తాడు. అమృతం, అతని స్నేహితుడు ఆంజనేయులు అలియాస్ అంజి ఆ టైముకి లేచినట్టు నేనైతే చూడలేదు. అయినా ఆ సీరియల్ హోటల్ గురించి ఒక నిజం పట్టుకుంది. మా వ్యాపారంలో ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు "ఒక్క ఐడియా తగిలితే చాలు, మన దశ తిరిగిపోద్ది" అనే పిచ్చి పడుతుంది. నేను కూడా ఒకసారి ఎనిమిది రకాల పెసరట్లని బోర్డు రాయించాను. ఆ బోర్డు ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా మీద మూత. అమృతం ప్రతి వారం అలాంటి బోర్డు ఒకటి రాయించేవాడు, అంజి పక్కనుంచి దానికి మేకు కొట్టేవాడు. సర్వం అయితే మా హోటల్లోనే పనిచేసి వెళ్ళాడా అనిపించేవాడు. ఓనరుకే ఎదురు చెప్పే సప్లయరు లేని హోటల్ గోదావరి జిల్లాల్లో ఉందా?

అమృతం పాత్ర ముగ్గురు వేశారు. మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ఎవరు బాగా వేశారన్నది మా హోటల్లో ఇప్పటికీ తేలని తగువు. నా ఓటు హర్షవర్ధన్‌కి, తెలివి తక్కువ పని కూడా తెలివైనవాడిలా ధీమాగా చేస్తాడు కాబట్టి. మా ఆవిడ శివాజీరాజా పక్షం. అంజి మాత్రం మొదటినుంచి చివరిదాకా గుండు హనుమంతరావే, అందుకే ముగ్గురు మారినా సీరియల్ మారలేదు. సిరివెన్నెల రాసి, కల్యాణి మాలిక్ కట్టిన ఆ టైటిల్ పాట వినబడగానే ప్లేట్లు కడిగే కుర్రాడు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు.

ఇన్నేళ్ళ తర్వాత యూట్యూబులో మళ్ళీ చూస్తే లోపాలు కనబడుతున్నాయి, దాచడమెందుకు. కొన్ని ఎపిసోడ్లు సాగుతాయి. ఒకే ఇల్లు, ఒకే గది, బొమ్మ కూడా మసగ్గా ఉంటుంది. ఆడవాళ్ళకి అలిగే పని, తిట్టే పని తప్ప ఎక్కువ ఇవ్వలేదని మా అమ్మాయి అంటుంది. నాకు అప్పట్లో తట్టలేదు, ఇప్పుడు చూస్తుంటే అనిపిస్తోంది. అయినా ఇంటి ఓనరు అప్పాజీ అద్దె కోసం మెట్ల మీద కనబడితే చాలు, నేను గల్లా పెట్టె తెరిచి ఉందన్న సంగతి కూడా మరిచిపోతాను.

దాని రెండో భాగం 'అమృతం ద్వితీయం' 2020 ఉగాది రోజున ఓటీటీలో వచ్చింది. గుర్తుందిగా, దేశమంతా తాళం పడిన రోజు. మా హోటల్‌కి ముప్పై ఏళ్ళలో పండగపూట తాళం వేసింది అప్పుడే. పొయ్యి వెలిగించని వంటింట్లో పీట మీద కూర్చుని ఫోన్లో చూశాను. గుండు హనుమంతరావు అప్పటికి రెండేళ్ళ కిందటే పోయాడు. అంజిగా ఎల్బీ శ్రీరామ్ గారు. మంచి నటుడు, ఆయన తప్పేం లేదు. మూడు ఎపిసోడ్లు చూసి ఆపేశాను. ఖాళీ హోటల్లో నవ్వాలంటే పక్కన నవ్వేవాడు ఉండాలి కదా.

రోజూ వచ్చే సీరియల్స్ లెక్క వేరు. అవి నష్టం తేలేదు, వ్యాపారం టైము మార్చాయి. 'చక్రవాకం', దాని తర్వాత 'మొగలిరేకులు', రెండూ మంజులా నాయుడు తీసినవే. అవి నడిచిన రోజుల్లో సీరియల్ టైముకి మా వీధిలో మనిషి కనబడేవాడు కాదు. ఇంటికి నడిచి వెళ్తుంటే ఈ ఇంట్లో మొదలైన టైటిల్ పాట పదో ఇంటి దగ్గర అయ్యేది, మధ్యలో ఒక్క పదం పోయేది కాదు. అది అవగానే పిల్లలు టిఫిన్ క్యారేజీలు పట్టుకుని ఒక్కసారిగా ఊడిపడేవారు. ఆ ఇరవై నిమిషాల కోసం మాస్టర్ పెనం ముందే కాల్చి పెట్టుకునేవాడు. సీరియల్ ఎప్పుడైనా మహా ఎపిసోడని గంటసేపు వేస్తే ఇక్కడ చట్నీ లెక్క తప్పేది. ఆర్కే నాయుడు అనే పేరు విని నవ్వకండి, ఆ రోజుల్లో మా సప్లయరు కుర్రాడు ఆ పోలీసాఫీసరులాగే జుట్టు దువ్వి, ప్లేటు బల్ల మీద పెట్టేముందు ఒక క్షణం ఆగి చూసేవాడు. సాంబారు చల్లారిపోయేది.

ఈ సీరియల్స్ గురించి నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. వాటిని చూడక్కర్లేదు. వంటింట్లోంచి వింటే చాలు. ఎవరైనా ఉలిక్కిపడితే మూడుసార్లు డమ్మని మోగుతుంది, అంటే పోపు వదిలేసి వెళ్ళాలి. మిగతా టైమంతా మాట్లాడింది మళ్ళీ మాట్లాడతారు, ఉల్లిపాయలు తరుగుతూ వినొచ్చు. అందరూ సాగదీస్తున్నారని తిడతారు గానీ ఆ సాగతీత పని చేసుకునే ఆడవాళ్ళకి సరిగ్గా సరిపోయే కొలత. మగాడు కుర్చీలో కదలకుండా కూర్చుని చూస్తే విసుగొస్తుంది, రాదా మరి!

మా అమ్మ మాత్రం కూర్చునే చూసేది. ఆవిడది 'కార్తీక దీపం'. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా, స్టార్ మాలో. డాక్టర్ బాబు భార్యని అనుమానిస్తాడు, పిల్లలు తనవాళ్ళు కాదంటాడు. తను డాక్టరు, పరీక్ష చేయించుకుంటే ఒక్క వారంలో తేలిపోయే సంగతి. నేనీ మాట అన్నప్పుడల్లా అమ్మ "నీకు తెలియదులేరా, అనుమానం పట్టినవాడు పరీక్షని మాత్రం నమ్ముతాడా?" అనేది. నా దగ్గర సమాధానం లేదు. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళంలో ఇదే కథకి మాతృక అయిన 'కరుత్తముత్తు'లో కూడా తనే. నటన బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ నల్లటి అమ్మాయి కష్టాల కథ అని చెప్పి తెల్లటి ఆవిడకి రంగు పూసి చూపించడం నాకు మొదటిరోజు నుంచీ గొంతులో ముల్లులా ఉంది. నల్లగా ఉండి నటన తెలిసిన అమ్మాయి దొరకదా? అమ్మ దగ్గర ఈ మాట ఎత్తితే రాత్రి భోజనం లేదు.

ఒక్కటి మాత్రం ఆ సీరియల్ మా వ్యాపారానికి చేసిన మేలు. దీప వంట చేసి బతుకుతుంది, అందరూ వంటలక్క అంటారు. మా వంటింట్లో చట్నీలు చేసే ఆవిడని అంతకుముందు ఎవరూ పిలిచేవారు కాదు, "అమ్మాయ్" అనో "ఇదిగో" అనో అనేవారు. ఆ సీరియల్ వచ్చాక కస్టమర్లు కూడా "వంటలక్కా, అల్లం చట్నీ అదిరింది" అని లోపలికి కేకేసి చెప్పడం మొదలెట్టారు. ఆవిడ ఆ ఏడాది జీతం పెంచమని అడిగింది. పెంచాను.

2019లో టీవీ ఛానెళ్ళ రేట్ల పద్ధతి మారింది, మనకి కావాల్సినవి మనమే ఏరుకోవాలన్నారు. మా కేబుల్ అతను ఒక కాగితం ఇచ్చి టిక్కులు పెట్టమన్నాడు. హోటల్లో ఓటింగ్ పెట్టాను. చివరికి టిక్కు పెట్టినవి కొన్ని, వచ్చినవి కొన్ని. అడగని పిల్లల ఛానెళ్ళకి నాలుగు నెలలు డబ్బు కట్టాక గానీ ఆ సంగతి తెలియలేదు. ఫోన్ చేస్తే "సిస్టమ్‌లో అలాగే ఉందండి" అన్నాడు. ఆ సిస్టమ్ ఎక్కడుంటుందో ఇప్పటికీ చూడలేదు.

'జబర్దస్త్' గురించి నా మాట రెండు రకాలుగా ఉంటుంది. 2013 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు గురువారం రాత్రి షట్టరు సగం దించేసినా కుర్రాళ్ళు కింద నుంచి దూరి వచ్చి చూసేవారు. నాగబాబు నవ్వుకే సగం మంది నవ్వేవారు. చమ్మక్ చంద్ర మొగుడూ పెళ్ళాల స్కిట్లు, సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ముగ్గురూ కలిసి చేసే గోల, ఆ తర్వాత హైపర్ ఆది పంచులు. ఆది పంచు ఒకటి అర్థమయ్యేలోపు మూడోది వెళ్ళిపోయేది. మా బల్లల దగ్గర ఒకడు నవ్వితే పక్కవాడు "ఏమన్నాడు, ఏమన్నాడు" అని అడిగేవాడు. ఆ కుర్రాళ్ళలో చాలామంది చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, మన వీధి భాష మాట్లాడారు. అది చిన్న సంగతి కాదు.

ఇంకో రకం మాట కూడా ఉంది. రెండు మూడేళ్ళు గడిచేసరికి లావుగా ఉన్నవాడి మీద జోకు, పొట్టివాడి మీద జోకు, ఆడవేషం కట్టిన మగాడి మీద జోకు, మళ్ళీ మొదటికి. ఒక రాత్రి భార్యాభర్తా, పదేళ్ళ కూతురూ వచ్చి కూర్చున్నారు. తెర మీద ఏదో అన్నారు. ఆ తండ్రి గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు, తల్లి పిల్లని "తొందరగా తిను" అంది. నేను రిమోట్ నొక్కాను. కుర్రాళ్ళ బల్ల అరిచింది, అరవనీ. అప్పటినుంచి గురువారం మా దగ్గర పాత పాటలే.

బిగ్ బాస్ సంగతి చెప్పనక్కర్లేదు. మొదటి సీజన్ 2017లో ఎన్టీఆర్ కోసం వేశాను, బాగానే చూశారు. ఆ తర్వాత ఎవరికి ఓటెయ్యాలన్నదాని మీద నా ఇద్దరు పాత కస్టమర్లు మాట్లాడుకోవడం మానేశారు. ఒకరు ఉంటే ఇంకొకరు లోపలికి రారు. ఇదీ నష్టమే కానీ నేను చెప్పిన రకం నష్టం కాదు.

'మీలో ఎవరు కోటీశ్వరుడు' అలా కాదు, దానికి నా దగ్గర మంచి మార్కులున్నాయి. 2014లో నాగార్జున అడిగేవాడు, మా హోటల్ అంతా జవాబు చెప్పేది. ఆ తెలుగు మాస్టారు పురాణాల ప్రశ్న వస్తే చెంచా పైకెత్తేవారు, సినిమా ప్రశ్న వస్తే దించేసేవారు. తప్పు చెప్పినవాడు పక్కబల్ల వాళ్ళకి కాఫీ. ఆ ఒక్క ప్రోగ్రాం మాత్రం జనాన్ని కుర్చీలోంచి లేవనివ్వకుండానే నాకు కాఫీల మీద లాభం తెచ్చింది. చిరంజీవి చేసిన సీజన్‌కి కూడా జనం వచ్చారు, కానీ వాళ్ళు చిరంజీవిని చూశారు, ప్రశ్నలు వినలేదు.

కొత్తవాటిలో నాకు నచ్చినది ఒకటుంది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. మా అబ్బాయి హోటల్ టీవీకి ఫోన్ కలిపి ఒక మధ్యాహ్నం, జనం లేని టైములో వేశాడు. ఆరే ఎపిసోడ్లు. శివాజీ మేష్టరుగా వేశాడు, ఇంట్లో ముగ్గురు పిల్లలు, మార్కుల గోల, ప్రతి రూపాయికీ లెక్క. అందులో చిన్నవాడు ఉప్మా గురించి పెట్టే గోడు విని నాకు నవ్వుతో పాటు కొంచెం కోపం కూడా వచ్చింది. మా హోటల్లో రోజూ ఉదయం మొదట అయిపోయేది ఉప్మాయే, బాబూ. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు తీశారు. మా మాస్టర్ మూడో ఎపిసోడ్ మధ్యలో బయటికి వెళ్ళి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి వచ్చాడు. ఏం మాట్లాడావని అడిగితే "ఏం లేదు, మందులు వేసుకున్నాడో లేదోనని" అన్నాడు.

ఇప్పుడు మా టీవీ చాలావరకు సౌండు లేకుండానే నడుస్తుంది. ప్రతివాడూ ఫోన్ని మంచినీళ్ళ జగ్గుకి ఆనించి తన ప్రోగ్రాం తను చూసుకుంటాడు. ఒకే బల్ల దగ్గర ఒకడు 'అమృతం' పాత ఎపిసోడు, ఒకడు క్రికెట్టు, ఒకమ్మాయి కొరియా సీరియల్. ముగ్గురూ లేవరు. నష్టం పెరిగింది, మార్కులు ఎవరికెయ్యాలో తెలియడం లేదు. జగ్గులు సరిపోక ఇంకో డజను కొన్నాను.

మొన్న ఆదివారం రాత్రి ఆ లారీ డ్రైవరు వచ్చాడు. ఇప్పుడు లారీ లేదు, జుట్టంతా నెరిసింది. పెసరట్టు చెప్పి, గోడ వంక చూసి "సౌండు పెట్టవా బాబాయ్" అన్నాడు. ఏం పెట్టమంటావంటే 'పాడుతా తీయగా' పాతది ఏదైనా అన్నాడు. అబ్బాయి వెతికి పెట్టాడు. ఎవరో పన్నెండేళ్ళ పిల్ల పాడబోతోంది. పాట ఎవరు రాశారో ఆ పిల్ల చెప్పేలోపే మా డ్రైవరు చెప్పేశాడు. పక్కబల్ల దగ్గర ఫోన్ చూస్తున్న కుర్రాడు ఒక చెవిలోంచి ఇయర్ ఫోన్ తీసి "ఎలా తెలుసు?" అని అడిగాడు. డ్రైవరు మాట్లాడకుండా వేలు పెదాల మీద పెట్టి తెర వైపు చూపించాడు. లోపలినుంచి అట్టు మాడిన వాసన వచ్చింది.